తెర ముందు టీచరు: తోటి ఉపాధ్యాయులకు డిజిటల్ బోధన అలవాటు చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంటుని. మండల శిక్షణల్లో కొన్నేళ్లు రిసోర్స్ పర్సన్‌గా, అంటే తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చేవాడిగా, నిలబడ్డాను. అంతకు ముందు అదే హాల్లో వెనక వరసలో కూర్చుని కునుకు తీసినవాణ్ని కూడా. తరగతి గదుల్లోకి ప్యానెళ్లు, అంటే వేలితో రాసే పెద్ద టచ్ తెరలు, వచ్చాక ప్రతి స్కూల్లో "ఆ ప్యానెల్ సంగతి నువ్వు చూడవయ్యా" అని ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఆ ఒకరి కోసం, వాళ్ల హెచ్‌ఎంల (హెడ్‌మాస్టర్ల) కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

మా సీనియర్ టీచర్లకు టెక్నాలజీ అంటే భయం. ఎలా పోగొట్టాలి?

ముందు అది ఏ భయమో చూడండి. మీరు చెప్పే ఆ సీనియర్ మేడమే పొద్దున కూరగాయల బండి దగ్గర ఫోన్‌పే చేసి వచ్చారు. రాత్రయితే డల్లాస్‌లో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతారు. స్టాఫ్ గ్రూపులో పండగ శుభాకాంక్షలు ఆమె పంపినన్ని ఇంకెవరూ పంపరు. కాబట్టి యంత్రం అంటే భయం కాదు. నలభై మంది పిల్లల ముందు తడబడతామేమోనని భయం. ముప్పై ఏళ్లుగా "మా టీచరుకు అన్నీ తెలుసు" అనిపించుకున్న మనిషికి, వెనక బెంచీ నుంచి "అది కాదు మేడం, పక్కది నొక్కండి" అని వినడం చిన్న విషయమేమీ కాదు.

అందుకని సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ గదిలో మొదలుపెట్టండి. మీరు చేసి చూపించకండి, పెన్ను ఆమె చేతికే ఇవ్వండి. మీ చేతులు వెనక్కి కట్టుకోండి, మాటవరసకు కాదు, నిజంగానే. ఆమె గుర్తు కోసం వెతుకుతుంటే రెండు సెకన్లు ఆగలేక "ఇటివ్వండి మేడం" అని లాక్కునే జబ్బు మనందరికీ ఉంది. అలా లాక్కున్న క్షణానే "ఇది నావల్ల కాదులే" అని ఆమె తేల్చేసుకుంటారు.

మా తెలుగు మాస్టారు రిటైర్‌మెంట్‌కు రెండేళ్ల ముందు ప్యానెల్ ముట్టుకున్నారు. వేలితో ఒక "అ" రాసి, "పలక మీద దిద్దినట్టే ఉందిరా" అని నవ్వారు. ఆయనకు యాప్‌లేవీ చెప్పలేదు. రంగులు మార్చడం ఒక్కటి చూపించాను. మర్నాటి నుంచి పద్యం తెర మీద రాసి, గురువుకు ఎరుపు, లఘువుకు నీలం పెట్టి గణవిభజన చేయడం మొదలుపెట్టారు. రిటైరయ్యేదాకా ఆయన ఆ రెండు రంగులు దాటి వెళ్లలేదు. వెళ్లాల్సిన పని కూడా లేదు.

రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చాం, మెటీరియల్ పంచాం. అయినా ఎవరూ వాడట్లేదు. ఎందుకు?

ఆ ట్రైనింగ్ ఎలా జరిగిందో గుర్తు తెచ్చుకోండి. హాలుకి డెబ్బై మంది, ముందు ఒకే ఒక్క తెర. రిసోర్స్ పర్సన్ స్లైడ్లు చదువుతుంటాడు. పది గంటలకు టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం సంతకాల షీటు తిరుగుతుంది. నాలుగింటికి ఫీడ్‌బ్యాక్ ఫారం, అందులో అందరూ "చాలా ఉపయోగకరం" అని నొక్కుతారు. తెర మీద వేలు పెట్టింది మాత్రం రిసోర్స్ పర్సనూ, ముందు వరసలో ఉత్సాహవంతుడైన ఓ కుర్ర మాస్టారూ. మిగతావాళ్లు ఈత పాఠం గట్టున కూర్చుని విన్నట్టే.

ఆన్‌లైన్ కోర్సులదీ దాదాపు ఇదే కథ. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటల వృత్తిపర శిక్షణ పొందాలని చెప్పింది. 2019లో కేంద్రం టీచర్ల కోసం మొదలుపెట్టిన నిష్ఠ శిక్షణలు ఆ మరుసటి ఏడు కరోనా కాలంలో దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక మీదికి వచ్చాయి. వాటిలో మంచి పాఠాలు ఉన్నాయి, నేను చూశాను. కానీ ఫోను బల్ల మీద పెట్టి, శబ్దం తీసేసి, వీడియో దానంతటది నడుస్తుంటే పేపర్లు దిద్దుకునేవాళ్లం మనమే కదా. సర్టిఫికెట్ వస్తుంది, అంతకు మించి రాదు.

మా దగ్గర పనిచేసిన పద్ధతి ఒక్కటే. ఇరవై నిమిషాలు, ఒక్క పని, రేపు చెప్పబోయే పాఠం మీదే. సోషల్ మేడం రేపు నదుల పాఠం చెబుతున్నారంటే ఈ సాయంత్రం ఆమెతో మ్యాపు మాత్రమే తెరిపించండి. మర్నాడు ఆ పీరియడ్లో మీకు ఖాళీ ఉంటే వెనక బెంచీలో కూర్చోండి. ఏదైనా ఆగిపోతే లేచి సరిచేసి మళ్లీ వెళ్లి కూర్చోవాలి. "చూశారా పిల్లలూ, మేడం నొక్కాల్సింది ఇది" అనకూడదు. ఇలా మూడుసార్లు కూర్చుంటే నాలుగోసారి మిమ్మల్ని పిలవరు. టైంటేబుల్లో ఇద్దరికీ అలాంటి ఖాళీ పీరియడ్ కుదర్చడం హెచ్‌ఎం చేయగల పెద్ద సాయం. దానికి ఏ నిధులూ అక్కర్లేదు.

చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లోనూ ఇదే చెబుతుంటాను. డెబ్బై మందికి ఒకేసారి చెప్పే బదులు సబ్జెక్టు వారీగా ఐదారుగురిని ఒక గదిలో, ఒక తెర చుట్టూ నిలబెట్టండి. కుర్చీలు తీసేయండి.

మొదటి వారంలో ఏం నేర్పాలి?

ఆన్ చేయడం, సరిగ్గా ఆఫ్ చేయడం, శబ్దం పెంచడం తగ్గించడం, తెల్ల బోర్డు తెరిచి రాయడం, చెరపడం, పెన్ డ్రైవ్‌లోంచి ఒక బొమ్మ చూపించడం. అంతే. ఆఫ్ చేయడం తెలియక ప్లగ్ పీకేసేవాళ్లున్నారు, అందుకే దాన్నీ చేర్చాను.

వేలు ఒకచోట పెడితే గీత ఇంకోచోట పడుతోంది. ప్యానెల్ పాడైందా?

చాలాసార్లు పాడవదు, దుమ్ము పట్టి ఉంటుంది. మన బళ్లలో ఉన్న ఇలాంటి ప్యానెళ్లలో ఎక్కువ శాతానికి చట్రం అంచుల్లో కంటికి కనిపించని పరారుణ కిరణాలు అటూ ఇటూ వెళ్తుంటాయి. వేలు పెడితే ఆ కిరణాలు తెగుతాయి. ఎక్కడ తెగాయో చూసి గీత గీస్తుంది. అంటే తెరకు కావాల్సింది వేలే కాదు, ఏ అడ్డైనా సరే. చీర కొంగు, చొక్కా చేతి అంచు, గాజులు, తెర మీద వాలిన ఈగ, అన్నీ దానికి వేళ్లే. చట్రం అంచులో సుద్దపొడి పేరుకుంటే అదీ వేలే. మనవాళ్లేమో ప్యానెల్‌ని సరిగ్గా నల్లబల్ల పక్కనే బిగించారు!

పొడి మెత్తటి గుడ్డతో చట్రం లోపలి అంచులు వారానికి రెండుసార్లు తుడవండి. నీళ్లు చల్లొద్దు. కిటికీలోంచి ఎండ నేరుగా తెర మీద పడితే కూడా ఇదే తంటా, ఒక కర్టెన్ కట్టండి. ఇవన్నీ చేసినా గీత పక్కకే పోతుంటే సెట్టింగుల్లో టచ్ సరిచేసే ఆప్షన్ ఉంటుంది. అది కూడా పనిచేయకపోతే అప్పుడు ఫిర్యాదు చేయండి.

ఈ ఒక్క సంగతి తెలిశాక మా సైన్స్ మేడం ప్యానెల్‌ని తిట్టడం మానేశారు. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే బెరుకు సగం పోతుంది. ఆమె దాన్ని కాంతి పాఠంలో ఉదాహరణగా కూడా వాడుకున్నారు.

మా ఊళ్లో నెట్ సరిగ్గా రాదు. ఇంక ప్యానెల్ దేనికి?

నెట్ లేకుండా నడిచేవే ఎక్కువ పనికొస్తాయి. దీక్షా యాప్‌లో పాఠాలు ఇంటి దగ్గర దించుకుని బడిలో చూపించొచ్చు. లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా యాప్ ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అడగదు. తెర మీదే చేసి చూసే ఫెట్ సైన్స్ ప్రయోగాలను ఒక్కోటి ఫైలుగా దించి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ప్రతి టీచరుకూ సొంత పెన్ డ్రైవ్ ఉండాలి. స్కూలుకంతటికీ ఒకటే ఉంటే అది ఎప్పుడూ ఎవరి బ్యాగులోనో ఇంటికెళ్లి ఉంటుంది.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది కదా అని పిల్లల ముందే మొదటిసారి స్కాన్ చేయకండి. ముందురోజు మీరు చూసి, ఎక్కడ ఆపాలో రాసుకోండి.

టీచరు సొంత హాట్‌స్పాట్ మీద బడి నడపడం అలవాటు చేయొద్దు. రోజుకు రెండు జీబీ డేటా మధ్యాహ్నానికి అయిపోతే ఆ కోపం అంతా తెర మీదికే మళ్లుతుంది.

కరెంటు పోతే?

సుద్దముక్క తీసుకోండి. పాఠం ప్రణాళిక ఎప్పుడూ తెర లేకపోయినా నడిచేటట్టు ఉండాలి. ఉరుములు మెరుపుల రోజు ప్లగ్ తీసేయడం మర్చిపోకండి.

ఏ సబ్జెక్టుకు ఏది వాడాలి?

నల్లబల్ల మీద చేయలేనిదానికి, లేదా చేయడానికి పీరియడ్ మొత్తం పట్టేదానికి తెర వాడండి. మిగతాదానికి వద్దు.

నా సబ్జెక్టుతో మొదలుపెడతాను. త్రిభుజ లంబకేంద్రం (శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన మూడు లంబాలు కలిసే బిందువు) చెప్పాలంటే నల్లబల్ల మీద అల్పకోణ త్రిభుజం ఒకటి, లంబకోణ త్రిభుజం ఒకటి, అధికకోణ త్రిభుజం ఒకటి గీసి, మూడింటికీ లంబాలు వేసేసరికి గంట కొట్టేస్తారు. జియోజీబ్రాలో ఒక్క త్రిభుజం గీసి ఒక శీర్షాన్ని పట్టుకు లాగితే చాలు. లంబకేంద్రం లోపలి నుంచి జరుగుతూ జరుగుతూ లంబకోణం దగ్గర సరిగ్గా శీర్షం మీద కూర్చుని, ఆ తర్వాత త్రిభుజం బయటికి దూకేస్తుంది. ఆ దూకుడు చూసి పిల్లలు "ఓ" అంటారు. నేను పాతికేళ్లు చెప్పినా ఆ "ఓ" రాలేదు. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో విద్యార్థిగా ఉండగా దీన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. మనలాంటి బళ్లు ఉచితంగా వాడుకోవచ్చు.

భౌతికశాస్త్రానికి ఫెట్. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగాల భాండాగారం ఇది. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. విద్యుత్ వలయాల ప్రయోగంలో బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా తీగతో కలిపితే తెర మీద మంటలు లేస్తాయి. ల్యాబులో పిల్లలకు చెప్పలేని మాట: "కలిపి చూడండి, ఏమవుతుందో."

సోషల్‌కు ఉపగ్రహ మ్యాపు. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో మొదలుపెట్టి, కందకుర్తి దగ్గర తెలంగాణలోకి దిగి, బాసర, భద్రాచలం మీదుగా ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చి, అక్కడ నది పాయలుగా చీలడం చూపిస్తే 1,465 కిలోమీటర్ల గోదావరి ఒక్క పీరియడ్లో కళ్లముందు నడుస్తుంది. చివర్లో పిల్లల ఊరు వెతికి పెట్టండి. తమ బడి పైకప్పు గుర్తుపట్టిన పిల్లలు ఇక మ్యాపుని మర్చిపోరు.

తెలుగుకు వీడియోల కంటే రికార్డింగు మంచిది. పద్యం పిల్లలతోనే పాడించి ఫోనులో రికార్డు చేసి మళ్లీ వినిపించండి. ఎక్కడ ఒత్తు మింగారో వాళ్లకే తెలుస్తుంది.

జీవశాస్త్రంలో ఆకుల అమరిక పాఠానికి మాత్రం వీడియో పెట్టకండి. బయట వేపచెట్టు ఉంది, మందార ఉంది, జిల్లేడు ఉంది. కిటికీ మూసి తెర మీద ఆకు చూపించిన పాఠం నేను స్వయంగా చూశాను, తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

వీడియో పెట్టేసి పక్కన కూర్చుంటే సరిపోదా?

సరిపోదు. రెండు నిమిషాలకోసారి ఆపి, "తర్వాత ఏమవుతుంది?" అని అడగండి.

అసలు దీనివల్ల పిల్లలకు చదువు వస్తుందా?

యంత్రం ఇచ్చినంత మాత్రాన రాదు. పెరూ దేశంలో పల్లె బళ్లలో పిల్లలకు పెద్దఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వెలువడిన పరిశీలనలో లెక్కల్లో గానీ భాషలో గానీ ప్రగతి కనిపించలేదు. మరోవైపు ఢిల్లీలో బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో, ఒక్కో పిల్లవాడి స్థాయికి తగ్గ ప్రశ్నలే ఇచ్చే సాఫ్ట్‌వేర్ వాడి చూశారు. కార్తీక్ మురళీధరన్ తదితరులు 2019లో ప్రచురించిన ఆ అధ్యయనంలో నాలుగున్నర నెలల్లోనే లెక్కలు, హిందీ రెండూ చెప్పుకోదగ్గంత మెరుగయ్యాయి. ఏడో తరగతిలో కూర్చుని నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయిన పిల్లవాడికి నాలుగో తరగతి లెక్కే ఇచ్చారన్నమాట. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. వాటిని ఎలా వాడారన్నది బడికో తీరు. పక్క పక్క బళ్లలోనే తేడా చూశాను. ఒకచోట టీచరు రోజూ "నిన్న ఎంతవరకు చేశారు?" అని అడిగేవారు, ఇంకోచోట అడిగేవారు కాదు.

తెలుగులో టైపు చేయడం రాదంటున్నారు. ప్రశ్నపత్రాలకు ఇప్పటికీ డీటీపీ సెంటరే దిక్కు.

ఇది మన దగ్గర చాలామందికి అసలు అడ్డంకి, ట్రైనింగుల్లో మాత్రం ఎవరూ ముట్టుకోరు.

డీటీపీ సెంటర్లలో పేపర్లు ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల నిజంగా తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిషు అక్షరానికి తొడిగిన తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే ముసుగు జారి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. "సార్, ఫైలు పాడైంది" అని ఫోన్ చేసేవాళ్లలో సగం మంది సమస్య ఇదే. యూనికోడ్‌లో, అంటే అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో, రాసినదైతే ఏ ఫోనులోనైనా, ఏ ప్యానెల్‌లోనైనా తెలుగులానే కనిపిస్తుంది. వెతికితే దొరుకుతుంది, కాపీ చేసుకోవచ్చు, వచ్చే ఏడు మార్చుకోవచ్చు.

టైపింగ్ రానివారికి నేను కీబోర్డు నేర్పను. ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడమంటాను. "ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు రాయండి" అని వాళ్లు అంటుంటే అక్షరాలు వరసగా పడటం చూసి ఒక మేడం రెండు చేతులూ బుగ్గలకు పెట్టుకున్నారు. అది రాసే తప్పులు మాత్రం దిద్దుకోవాలి. వాక్యం చివర చుక్కలు మనమే పెట్టుకోవాలి, పేర్లు తారుమారవుతాయి. రోజూ ఎక్కువ రాయాల్సినవాళ్లు తర్వాత నెమ్మదిగా ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకోవచ్చు.

పిల్లలకు నాకంటే ఎక్కువ తెలుసు. పరువు పోదా?

తరగతికి ఇద్దర్ని ప్యానెల్ బాధ్యులుగా పెట్టండి. పీరియడ్ మొదలవక ముందే ఆన్ చేసి, తుడిచి, ఫైలు తెరిచి ఉంచడం వాళ్ల పని. అప్పుడు వాళ్లు చెప్పేది వెక్కిరింపు కాదు, డ్యూటీ. కేరళలో 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో హైస్కూలు పిల్లల ఐటీ క్లబ్బులు నడుస్తున్నాయి, బడిలో పరికరాల బాగోగుల్లో ఆ పిల్లలు కూడా చేయి వేస్తారు. మన దగ్గర ఈ పని మగపిల్లలకే ఇవ్వడం అలవాటైపోయింది. ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయి తీరాలని నేను పట్టుబడతాను.

ఫోను తెర ప్యానెల్ మీద చూపిస్తుంటే మా ఇంటి మెసేజ్ పైకి వచ్చింది. క్లాసంతా నవ్వింది.

ఇలాంటిది ఒక్కసారి జరిగితే ఆ టీచరు ఇక ఫోను కలపరు. కలిపే ముందు "డు నాట్ డిస్టర్బ్" పెట్టడం అందరికంటే ముందు నేర్పండి. ప్యానెల్‌లో సొంత జీమెయిల్‌తో లాగిన్ అవ్వొద్దు. స్కూలు పేరున ఒకటి తెరవండి.

యాప్‌లతోనే చచ్చిపోతున్నాం, ఇంకా టెక్నాలజీనా?

ఈ మాటన్నవాళ్లను బద్ధకస్తులు అనకండి. హాజరు ఒక యాప్, మధ్యాహ్న భోజనం ఒక యాప్, మార్కుల నమోదు, ట్రైనింగ్ హాజరు, ఫొటో అప్‌లోడ్‌లు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లలో ఎందుకు వేయాలని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అడిగాయి. టెక్నాలజీ అనగానే టీచరుకు గుర్తొచ్చేది సర్వర్ డౌన్, ఓటీపీ, పై అధికారి ఫోను. పాఠం గుర్తు రాదు.

కాబట్టి ఈ రెంటినీ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే మనిషి నేర్పకూడదు. యాప్‌ల నమోదు ఒక క్లర్కు పనిలా చూడండి, చేతనైతే వంతులు వేసుకోండి. బోధన సంగతి విడిగా మాట్లాడండి. "ప్యానెల్ రోజుకు ఎన్ని గంటలు నడిచింది?" అని లెక్క అడిగితే ఏమవుతుందో కూడా చెబుతాను. గంటలు నడుస్తుంది, అంతే. ఎవరూ లేని గదిలో కూడా.

ఏఐ గురించి అందరూ అడుగుతున్నారు. నేర్పాలా?

నేర్పండి, కానీ పైన చెప్పినవన్నీ అయ్యాక. వర్క్‌షీట్లకు, ఒకే లెక్కను అంకెలు మార్చి పదిరకాలుగా ఇవ్వడానికి, ఇంగ్లిషు పేరా తేలిక మాటల్లోకి మార్చడానికి చాట్‌జీపీటీ, జెమిని బాగా పనికొస్తాయి. తెలుగు దగ్గర జాగ్రత్త. వేమన పద్యం ఇవ్వమంటే ఆటవెలది నడక లేని, వేమన ఎన్నడూ చెప్పని మూడు పాదాలు రాసి కింద "విశ్వదాభిరామ" అని తగిలించగలదు. చూసేవారికి నిజమేననిపిస్తుంది. లెక్కల జవాబులు కూడా మీరు చేసి చూశాకే పిల్లలకివ్వండి. పిల్లల పేర్లు, మార్కుల జాబితాలు అందులో పెట్టకండి.

పిల్లల ఫొటోలు గ్రూపుల్లో పెట్టొచ్చా?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ల లోపువారంతా పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ముఖాలు కాకుండా నోటుపుస్తకాలు, చేసిన నమూనాలు ఫొటో తీయండి.

ఒక మాస్టారు అసలు వద్దంటున్నారు. ఏం చేయాలి?

ఆయన తరగతిలో ఒకసారి కూర్చోండి. సుద్దముక్కతో బాగా చెబుతున్నారంటే వదిలేయండి.

ప్యానెల్ పాడవుతుందని హెచ్‌ఎం గారు గదికి తాళం వేసి, రిమోట్ బీరువాలో పెట్టారు. ఎలా ఒప్పించాలి?

ఆయన్ని తప్పుపట్టే ముందు స్టాక్ రిజిస్టర్ ఒకసారి చూడండి. వస్తువు ఆయన సంతకం మీద ఉంది. అద్దం పగిలితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. ఆ భారం కాస్త తీయండి. సీరియల్ నంబరు, వారంటీ ఎప్పటిదాకా, ఫిర్యాదు నంబరు ఒక కాగితం మీద రాసి ప్యానెల్ పక్కనే అతికించండి. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి పెట్టి, వాడిన ప్రతి టీచరూ తేదీ, పీరియడ్, "బాగుంది" లేదా "శబ్దం రావట్లేదు" అని ఒక ముక్క రాసి సంతకం పెట్టేలా చూడండి. ఏదైనా జరిగితే ఎప్పుడు జరిగిందో చెప్పడానికి ఆయన చేతిలో కాగితం ఉంటుంది. మా బడిలో ఈ పుస్తకం పెట్టిన రెండో వారంలో రిమోట్ బీరువాలోంచి స్టాఫ్‌రూమ్ బల్ల మీదికి వచ్చింది. తాళంచెవి ఇప్పుడు తొమ్మిదో తరగతి ప్యానెల్ బాధ్యుల దగ్గర ఉంటుంది. బ్యాటరీలు మాత్రం ఇప్పటికీ హెచ్‌ఎం గారినే అడగాలి.